కాళ్ల ఎంఆర్ యాంజియోల వెయిన్స్ కనపడుతున్నయంటే డోసు పెంచకు తమ్మీ, ముందు టైమింగ్ చూడు

తమ్మీ, నువ్వు రాసింది రెండు సార్లు చదివిన. కరీంనగర్‌ల 1.5 టెస్లా ఎంఆర్ఐ మెషిన్ మీద చేస్తున్నవు, కాళ్ల యాంజియోల, అంటే రక్తనాళాల బొమ్మలల్ల, పొట్ట, తొడ బాగనే వస్తున్నయి, మోకాలు కింద మాత్రం ఆర్టరీ (గుండె నుంచి రక్తం తెచ్చే నాళం), వెయిన్ (గుండెకు తిరిగి తీసుకపోయే నాళం) కలిసిపోయి జాలి లెక్క కనపడుతున్నది, మెడ యాంజియో చేస్తే కెరోటిడ్, అంటే మెదడుకు పోయే మెడ ఆర్టరీ, అంచులు మెరుస్తున్నయి గని నడుమ నల్లగ ఉంటున్నది, మీ సార్ ఏమో కాంట్రాస్ట్, అంటే రక్తనాళం మెరిసేటట్టు సూదిల ఇచ్చే గాడోలినియం మందు, డబుల్ చేసి చూద్దాం అంటున్నరు. ఇదే కద అడిగింది. నేను హన్మకొండల పద్దెనిమిదేండ్ల సంది ఎంఆర్ఐ మీదనే ఉన్న, ఈ రెండు బొమ్మలు నా చేతుల గూడ మస్తు సార్లు ఖరాబైనయి, అందుకే జర వివరంగ రాస్తున్న, ఓపికతోని చదువు.

ముందుగాల ఒక్క మాట. నీ రెండు తకలీఫులు వేరువేరు కాదు, రెండూ టైమింగే. మెడల నువ్వు తొందరపడుతున్నవు, పిక్కల కాడ ఆలస్యం అయితున్నవు. డోసు డబుల్ చేస్తే మెడది బాగుపడదు, పిక్కలది ఇంకా ఖరాబైతది. ఎందుకో చెప్త.

టీ1 అంటే మెషిన్ పల్స్ కొట్టినంక కణజాలం మల్ల మామూలు స్థితికి వచ్చే టైం. రక్తం టీ1 మామూలుగ 1.5 టెస్లా మీద దాదాపు 1200 మిల్లీసెకన్లు ఉంటది, కొవ్వుది 270 దగ్గర. నీ సీక్వెన్స్ టీఆర్, అంటే ఒక పల్స్‌కు ఇంకో పల్స్‌కు నడుమ టైం, నాలుగైదు మిల్లీసెకన్లే కాబట్టి టీ1 తక్కువున్నదే మెరుస్తది. గాడోలినియం పోయినంక రక్తం టీ1 కొవ్వు కన్న కిందికి దిగాలె, అప్పుడే రక్తనాళం ఒక్కటే తెల్లగ నిలబడుతది. రేడియాలజిస్ట్ మార్టిన్ ప్రిన్స్ 1990ల మొదట్ల ఈ పద్ధతి తెచ్చినప్పటి సంది లెక్క ఇదే. ఇగ ఎంత దిగుతదో చూడు. ఆర్టరీల కాంట్రాస్ట్ ఎంత చిక్కగ ఉంటదంటే, నువ్వు సెకనుకు ఎంత ఎక్కిస్తున్నవో దాన్ని గుండె సెకనుకు ఎంత రక్తం పంపుతున్నదో దానితోని భాగిస్తే దాదాపు వస్తది. 0.5 మోలార్ కాంట్రాస్ట్ (ఎమ్మెల్‌కు అర మిల్లీమోల్) సెకనుకు 2 ఎమ్మెల్ ఇస్తే 1 మిల్లీమోల్ పోయినట్టు, గుండె నిమిషానికి 5 లీటర్లు కొడితే సెకనుకు 83 ఎమ్మెల్, అంటే లీటరుకు 12 మిల్లీమోల్. రక్తం టీ1 పద్దెనిమిది మిల్లీసెకన్ల దగ్గరికి పడిపోతది. అదే సెకనుకు 1 ఎమ్మెల్ ఇస్తే? 36 దగ్గర ఆగుతది. కొవ్వు 270 కద, 36 అన్నా గూడ ఏడు రెట్లు తక్కువే. నిజంగ ఒంట్లకు పోయినంక బోలస్, అంటే ఒక్క దెబ్బల ఎక్కిచ్చిన మందు, జర పల్చబడుతది గని లెక్క మాత్రం గింతే. అంటే మందు తక్కువైంది అనేది చాలా కేసులల్ల కారణమే కాదు తమ్మీ. మందు ఉన్న టైంల నువ్వు బొమ్మ తీస్తున్నవా లేదా అన్నదే కారణం.

బొమ్మ తీసుడు అంటే గూడ స్కాన్ నడిచే ఇరవై సెకన్లన్నీ ఒక్కతీరు కావు. మెషిన్ సిగ్నల్‌ను లైన్లు లైన్లుగ ఒక పట్టికల నింపుతది, దాన్నే కే స్పేస్ అంటరు. దాని నడుమ ఉన్న లైన్లు వెలుగు చీకటి చెప్తయి, బయటి లైన్లు అంచులు, సన్న వివరాలు చెప్తయి. నడుమ లైన్లు తీసుకునే ఆ నాలుగైదు సెకన్లు కాంట్రాస్ట్ ఆర్టరీల నిండుగ ఉండాలె. నువ్వు తొందరపడి కాంట్రాస్ట్ ఇంకా ఎక్కుతున్నప్పుడే నడుమ లైన్లు తీస్తే, తర్వాత బయటి లైన్లప్పుడు కాంట్రాస్ట్ నిండుతది, అప్పుడు అంచులు మెరుస్తయి, నడుమ నల్లగ పడుతది, పక్కన గీతలు గీతలు వస్తయి. నీ కెరోటిడ్ బొమ్మ అచ్చం గదే. దీన్ని 1996ల రేడియాలజిస్ట్ జెఫ్రీ మాకి వివరించిండు, మాకి ఆర్టిఫాక్ట్ అనే అంటరు. దానికి ఇంకో పది ఎమ్మెల్ పోసినా నడుమ చీకటి పోదు, ఎందుకంటే నువ్వు చూసిన టైంల మందు అక్కడికి రానే రాలేదు.

మరి మందు ఎక్కిచ్చుడు మొదలుపెట్టినంక స్కాన్ ఎప్పుడు నొక్కాలె? మన దగ్గర చాలా మంది ఇరవై సెకన్లకు కండ్లు మూసుకోని నొక్కుతరు. నేను గూడ మొదట్ల గట్లనే చేసిన. ఒకసారి పరకాల దిక్కు నుంచి ఒక పెద్దమనిషి వచ్చిండు, డెబ్బై దాటినయి, నడిస్తే పిక్కలు పట్టేస్తున్నయి అని రాసిచ్చిన్రు. ఎప్పటి లెక్కనే నొక్కిన. అయోర్టా, గుండె నుంచి లేచే పెద్ద ఆర్టరీ, నల్లగ, కిడ్నీ ఆర్టరీలు లేనే లేవు. ఎకో కాగితం అడిగి చూస్తే గుండె పంపింగ్ బాగ తక్కువున్నది. ఇంకో రోజు పిలిపిచ్చి టెస్ట్ బోలస్ పెడితే కాంట్రాస్ట్ అయోర్టాకు వచ్చేసరికి 34 సెకన్లు పట్టింది. అదే వారం ఒక పాతికేండ్ల పిలగానికి 14కే వచ్చింది. ఈ ఇద్దరికి ఒక్క నంబర్ ఎట్ల సరిపోతది చెప్పు. ఆ రోజు సంది టెస్ట్ బోలస్ కానీ ట్రిగ్గర్ కానీ లేకుంట నేను ఒక్క యాంజియో గూడ చెయ్యలేదు.

టెస్ట్ బోలస్ అంటే 1 లేకుంటే 2 ఎమ్మెల్ కాంట్రాస్ట్, వెనకనే 20 ఎమ్మెల్ సెలైన్, అసలు ఇంజెక్షన్ ఏ స్పీడ్‌తోని ఇస్తవో అదే స్పీడ్. సెకనుకు ఒక బొమ్మ తీస్కుంట పోతే ఎప్పుడు పీక్ వచ్చిందో తెలుస్తది. ఉదాహరణకు పీక్ 22 సెకన్లకు వచ్చింది అనుకో. 60 కిలోల మనిషికి కిలోకు 0.1 మిల్లీమోల్ లెక్కన 12 ఎమ్మెల్, సెకనుకు 1.5 ఇస్తే ఎక్కుడుకే 8 సెకన్లు పడుతది, అందుకే అసలు బోలస్ పీక్ దాంట్ల సగం కలుపుకోని 26 దగ్గర వస్తది. ఇగ నీ సీక్వెన్స్ లీనియర్ ఆర్డరా సెంట్రిక్కా చూస్కో, ఇక్కడనే ఎక్కువ మంది తప్పుతరు. లీనియర్ అయితే 20 సెకన్ల స్కాన్ల నడుమ లైన్లు పదో సెకనుకు వస్తయి, కాబట్టి 26ల నుంచి 10 తీసేసి 16కు మొదలుపెట్టాలె. సెంట్రిక్ అయితే నడుమ లైన్లే ముందు, కాబట్టి 26కే మొదలు, ఒక్క సెకను ఆలస్యమైనా మంచిదే గని తొందర మాత్రం వద్దు. పార్షియల్ ఫోరియర్, అంటే కే స్పేస్‌ల కొన్ని లైన్లు వదిలేసే సెట్టింగ్, ఆన్ ఉంటే నడుమ లైన్లు ఇంకా ముందుకు జరుగుతయి, కొన్ని మెషిన్లల్ల టైమ్ టు సెంటర్ అని నేరుగ నంబర్ చూపిస్తది, గది చూసుడు అలవాటు చేస్కో. నా అనుమానం ఏందంటే, ఎవరో మీ మెడ ప్రోటోకాల్‌ను లీనియర్ నుంచి సెంట్రిక్‌కు మార్చిన్రు, నువ్వేమో పాత డిలేనే వాడుతున్నవు. అంచులు మెరిసుడు అన్ని కేసులల్ల ఒక్కతీరుగ వస్తున్నదంటే ముందు గదే చెక్ చెయ్యి.

మెడకు నాకైతే ఫ్లోరో ట్రిగ్గరే నచ్చుతది. కేర్ బోలస్ అను, బోలస్ ట్రాక్ అను, పేరు ఏదైనా పని ఒక్కటే, కాంట్రాస్ట్ వచ్చుడు కండ్లతోని చూసి నొక్కుడు. మెడల కెరోటిడ్ నిండినంక జుగులర్ వెయిన్ నిండేసరికి పది సెకన్లు గూడ దొరకదు, అందుకే అక్కడ సెంట్రిక్ ఆర్డర్, ట్రిగ్గర్ రెండూ ఉండాలె. కాంట్రాస్ట్ ఆర్చ్ కాడికి, అంటే అయోర్టా వంపు కాడికి, వచ్చుడు కనపడంగనే నొక్కు. నొక్కినంక మెషిన్ సీక్వెన్స్ మార్చుకునుడుకు ఎంత పడుతదో, ఊపిరి ఆపిచ్చుడుకు ఎంత పడుతదో ముందే గడియారం పట్టి కొలిచి పెట్టుకో. పొట్ట స్టేషన్ల, అంటే టేబుల్ ఆపి పొట్ట భాగం తీసే కాడ, ఊపిరి చెప్పుడుకే నాలుగైదు సెకన్లు పోతయి.

ఊపిరి మాట వచ్చింది కాబట్టి చెప్తున్న. మెషిన్ల రికార్డ్ చేసిన గొంతు మన ములుగు, ఏటూరునాగారం దిక్కు నుంచి వచ్చిన ముసలవ్వలకు అర్థం కాదు. టేబుల్ మీద పండవెట్టకముందే ఎదురుంగ నిలబడి నేనే చేసి చూపిస్త. అవ్వా, ఊపిరి గుంజుకో, ఇడువు, మల్ల గుంజుకో, గట్లనే ఆపు, మెసలకు, అని మూడు సార్లు నాతోని పాటు చేపిస్త, ఎన్ని సెకన్లు ఆపగలుగుతున్నదో చేతి గడియారంల చూస్త. పన్నెండే ఆపగలిగితే ఇరవై సెకన్ల సీక్వెన్స్ పెట్టుడు అన్యాయం, పారలల్ ఇమేజింగ్ రెండు పెట్టి, అంటే సగం లైన్లే తీసి, స్లాబ్ (బొమ్మ తీసే మందం) తగ్గిచ్చి పన్నెండుకు తెస్త. రెండు పెడితే సిగ్నల్ రూట్ రెండు వంతు తగ్గుతది, కాయిల్‌ను బట్టి ఇంకింత గూడ తగ్గొచ్చు, నిజమే, కాని ఊపిరి తప్పి మసకబారిన బొమ్మ కన్న జర గ్రెయిన్ ఉన్న బొమ్మ నయం, రేడియాలజిస్ట్ దాన్ని చదువుతడు. ఇంటికాడికెళ్లి పొద్దుగాల ఐదింటికి బయల్దేరి నీళ్లు గూడ తాగకుంట వచ్చే పేషెంట్లు మస్తు మంది ఉంటరు, వాళ్లకు వెయిన్ దొరకదు, ఏసీ గదిల వణుకుతరు. నీళ్లు తాగనీయొచ్చా అని మీ సార్‌ను అడిగి తాగిపియ్యి, చెద్దరు కప్పు. సబ్‌ట్రాక్షన్ అంటే మందు ఎక్కినంక తీసిన బొమ్మల నుంచి, మందుకు ముందు తీసిన మాస్క్ బొమ్మను తీసేసుడు, అది బాగ రావాల్నంటే మాస్క్‌కు, కాంట్రాస్ట్‌కు నడుమ మనిషి మెసలొద్దు కద, వణికే మనిషికి ఏ సీక్వెన్స్ పెట్టినా అంచులు రెండు రెండు కనపడుతయి.

క్యానులా కుడి చేతికే పెట్టు. ఇది చిన్న ముచ్చట కాదు. ఎడమ చేతి నుంచి పోయే వెయిన్ ఛాతీల అడ్డం తిరిగి ఆర్చ్ నుంచి లేచే ఆర్టరీల ముందట నుంచే పోతది, దాంట్ల చిక్కటి గాడోలినియం ఉంటే టీ2 స్టార్ అనే ప్రభావం వల్ల సిగ్నల్ చచ్చిపోయి పక్కనున్న ఆర్టరీల గూడ నల్ల మచ్చ పడుతది. నేను కొత్తగ చేరినప్పుడు ఒక సెంటర్ల ఇట్లనే ఎడమ సబ్‌క్లేవియన్ (చేతికి పోయే ఆర్టరీ) సన్నబడ్డదని రిపోర్ట్ పోయింది, ఆ మనిషి ఇల్లు గడవని మనిషి, అప్పు చేసి హైదరాబాద్ పోయిండు, అక్కడ చూస్తే ఆర్టరీ సాఫ్‌గ ఉన్నది. క్యానులా ఎడమ చేతికి పెట్టింది నేనే. ఇప్పటికి గూడ ఎడమ చేయి చాపితే ఆయన ముఖమే యాదికొస్తది.

ఇగ నీ అసలు బాధ, పిక్కలు. పొట్ట, తొడ, పిక్క అని మూడు స్టేషన్ల రన్ ఆఫ్‌ల బోలస్ పొట్ట నుంచి కిందికి ఉరుకుతది, నీ టేబుల్ దాని ఎనుక ఉరకాలె. పొట్ట స్టేషన్ 20 సెకన్లు, తొడ స్టేషన్ 20, నడుమ టేబుల్ జరుగుడు, పిక్కల కాడికి పోయేసరికి వెయిన్స్ నిండిపోతయి. షుగర్ ఉండి కాలికి పుండో చీమో ఉన్నోళ్లకు ఇంకా తొందరగ నిండుతయి, ఎందుకంటే ఆ కాలుకు రక్తం ఉరికొచ్చి ఉరికి పోతది. మన దగ్గర వచ్చేటోళ్లల్ల బీడీ, చుట్ట తాగేటోళ్లు, షుగర్ ఉన్నోళ్లే ఎక్కువ కద. ఇప్పుడు చూడు, డోసు డబుల్ చేసి అదే స్పీడ్‌ల ఇస్తే బోలస్ పొడుగైతది, అంటే నువ్వు పిక్కల కాడికి పోయేసరికి వెయిన్‌లల్ల ఇంకింత మందు ఉంటది. మీ సార్‌కు ఈ ఒక్క ముచ్చట నెమ్మదిగ చెప్పు, సార్ అర్థం చేస్కుంటరు.

నేను చేసేది ఏందంటే, పిక్కలే ముందు. మొత్తం డోసుల కొంత భాగం, మనిషి బరువును బట్టి ఐదారు ఎమ్మెల్, ముందు పిక్కలకే ఇచ్చి అక్కడ ఒక్కటే స్టేషన్ తీస్త, కుదిరితే టైం రిజాల్వ్డ్ సీక్వెన్స్‌తోని, అంటే ట్రిక్స్, ట్విస్ట్ అంటరు కద, కొన్ని సెకన్లకు ఒక బొమ్మ చొప్పున వస్తయి, ఆర్టరీ నిండి వెయిన్ నిండని బొమ్మ ఏదో ఒకటి దొరుకుతది, టైమింగ్ గుబులే ఉండదు. తర్వాత మిగిలిన మందుతోని పొట్ట, తొడ రెండు స్టేషన్లు. రెండో ఇంజెక్షన్‌కు ముందు కొత్త మాస్క్ తీసుడు మర్చిపోకు, మొదటి మందు వెయిన్‌లల్ల ఉంటది, మాస్క్ ఉంటే అది కొట్టుకపోతది. ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు మోసే హమాలీ ఒకాయన వచ్చిండు నిరుడు, వంద అడుగులు నడిస్తే పిక్క గట్టిపడుతది అన్నడు. అంతకుముందు వేరే కాడ తీసిన బొమ్మల పిక్క మొత్తం తెల్ల జాలి, ఏం చదవరాదు. పిక్కలు ముందు తీస్తే మూడు ఆర్టరీలల్ల ఒక్క పెరోనియల్ మాత్రమే పాదం దాక పోయింది, మిగిలిన రెండు ఎక్కడ ఆగినయో వేలు పెట్టి చూపియ్యొచ్చు. మందు మునుపటి కన్న ఎక్కువ ఇయ్యలేదు, ఇంకా జర తక్కువనే పట్టింది. సర్జన్‌కు కావాల్సింది గదే, బైపాస్ ఎక్కడ దించాలె అన్నది.

నీ మెషిన్ల టైం రిజాల్వ్డ్ లేకపోతే తొడలకు బీపీ కఫ్ కట్టి 50 నుంచి 60 మిల్లీమీటర్ల మెర్క్యురీ దాక గాలి కొట్టు. ఆర్టరీ ఆగదు, వెయిన్ మెల్లగైతది, పిక్కల వెయిన్స్ నిండుడు ఆలస్యమైతది. కాకపోతే తొడల బైపాస్ గ్రాఫ్ట్ ఉన్నోళ్లకు, స్టెంట్ ఉన్నోళ్లకు, కాలి వెయిన్ల గడ్డ ఉందని అనుమానం ఉన్నోళ్లకు కట్టకు, ముందు సార్‌ను అడుగు. డయల్ గేజ్‌ల ఇనుము ఉంటది, దాన్ని మాగ్నెట్ గదిలకు తీసుకపోకు, పొడుగు పైపు పెట్టి బయటనే ఉంచు.

పాదం ఎట్ల పెడుతున్నవో గూడ చూడు. పాదం కిందికి సాపి ఉంటే పాదం మీది ఆర్టరీ, డోర్సాలిస్ పెడిస్, ఒత్తుకుపోయి బ్లాక్ అయినట్టే కనపడుతది, నిజంగ బ్లాక్ ఉండదు. మడమ కింద మెత్త పెట్టి పాదం నిటారుగ నిలబెట్టి పట్టీ కట్టు. పిక్క కింద మాత్రం ఏం ఒత్తకుంట చూస్కో.

స్లాబ్ ముచ్చట గూడ ఒకటి ఉంది. కరోనల్ (ముందు నుంచి చూసే) స్లాబ్ సన్నగ పెడితే టైం తగ్గుతది అని అందరం పెడుతం, కాని ముసలోళ్ల పొత్తికడుపుల ఇలియాక్ ఆర్టరీలు పాము లెక్క మెలికలు తిరుగుతయి, స్లాబ్ దాటి బయటికి పోయిన ముక్క, అన్ని స్లైసులు కలిపి చేసే మిప్‌ల బ్లాక్ లెక్కనే కనపడుతది. ముందు గబగబ ఒక యాక్సియల్ టీఓఎఫ్ స్కౌట్, అంటే మందు లేకుంట అడ్డంగ తీసే బొమ్మ, తీసి ఆర్టరీ ఎక్కడెక్కడ తిరుగుతున్నదో చూసి స్లాబ్ పెట్టు. మిప్ ఒక్కటే పంపకు, సోర్స్ ఇమేజెస్, అంటే అసలు స్లైసులు, గూడ పంపు. స్టెంట్ ఉన్న కాడ సిగ్నల్ పోతది, స్టీల్‌దైతే ఎక్కువ, నిటినాల్‌దైతే తక్కువ, అది మూసుకపోయింది అనుకోని రిపోర్ట్ పోవద్దంటే స్టెంట్ ఉందన్న సంగతి కాగితం మీద నువ్వే రాయాలె, రేడియాలజిస్ట్‌కు పేషెంట్ కనపడడు కద, నీకే కనపడుతడు.

రిజల్యూషన్ గురించి నువ్వు అడగలేదు గని ఒక్క ముక్క. సన్నదనం కొలవాల్నంటే ఆర్టరీ అడ్డంగ కనీసం మూడు పిక్సెల్స్ ఉండాలె. పిక్కల ఆర్టరీ రెండు మూడు మిల్లీమీటర్లే, కాబట్టి అక్కడ ఒక మిల్లీమీటర్ కన్న పెద్ద వాక్సెల్ (బొమ్మల ఒక్కో గడి) పెట్టి లాభం లేదు. ఇంటర్‌పొలేషన్ ఆన్ చేస్తే బొమ్మ నున్నగ కనపడుతది, కొత్త వివరం ఏం రాదు.

డోసు ఎందుకు పెంచొద్దు అన్నదానికి బొమ్మ కన్న పెద్ద కారణం ఇంకోటుంది. ఒకప్పుడు యాంజియోకు డబుల్, ట్రిపుల్ డోసు ఇచ్చుడు మామూలే. 2006ల గాడోలినియానికి, నెఫ్రోజెనిక్ సిస్టమిక్ ఫైబ్రోసిస్‌కు సంబంధం బయటపడ్డది, చర్మం గట్టిపడి కీళ్లు వంగకుంట అయ్యే రోగం, కిడ్నీలు ఖరాబైనోళ్లకు వచ్చింది, పెద్ద డోసు తీసుకున్నోళ్లకు, కొన్ని లీనియర్ మందులు (పైన చెప్పిన లైన్ల ఆర్డర్ కాదు, గాడోలినియంను వదులుగ పట్టే రకం మందు) తీసుకున్నోళ్లకు ఎక్కువ వచ్చింది. 2017ల యూరప్‌ల గాడోడయమైడ్ లాంటి కొన్ని లీనియర్ మందులు ఆపేసిన్రు. కాళ్ల యాంజియోకు వచ్చేటోళ్లు ఎవరు? షుగర్ ముదిరినోళ్లు, వాళ్లల్ల చాలా మందికి కిడ్నీలు గూడ దెబ్బతిని ఉంటయి. క్రియాటినిన్ చూడకుంట, ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు ఎంత వడపోస్తున్నయో చెప్పే నంబర్, లెక్క కట్టకుంట సూది పట్టుకోకు. ఈజీఎఫ్ఆర్ 30 కన్న తక్కువుంటే సార్‌ను పిలువు, ఇయ్యాల్నా వద్దా ఆయన నిర్ణయిస్తరు, ఇచ్చినా గాడోబ్యుట్రోల్, గాడోటెరేట్ లాంటి, గాడోలినియంను గట్టిగ పట్టే మ్యాక్రోసైక్లిక్ మందే. గాడోబ్యుట్రోల్ 1.0 మోలార్ అన్న సంగతి యాది పెట్టుకో, అది కిలోకు 0.1 ఎమ్మెలే, 0.5 మోలార్ మందు లెక్క 0.2 పోస్తే తెలవకుంటనే డబుల్ డోసు ఇచ్చినట్టైతది. దాని వాల్యూమ్ సగమే కాబట్టి స్పీడ్ గూడ సగం చెయ్యి, సెకనుకు 1 దాటనియ్యకు, అప్పుడు బోలస్ పొడుగు మునుపటంతే ఉంటది.

మీ దగ్గర ఇంజెక్టర్ చెడిపోయింది, చేత్తోనే ఇస్తున్న అని చివర్ల రాసినవు. చేత్తోని గూడ అయితది. త్రీ వే, అంటే మూడు దారుల నాబ్, పెట్టి ఒక సిరంజిల కాంట్రాస్ట్, ఇంకో దాంట్ల 20 నుంచి 30 ఎమ్మెల్ సెలైన్, కాంట్రాస్ట్ అయిపోంగనే ఆగకుంట నాబ్ తిప్పి సెలైన్ అదే స్పీడ్‌ల కొట్టాలె. సెలైన్ లేకపోతే కొన్ని ఎమ్మెల్ల మందు పైపులనే, చేతి వెయిన్లనే మిగిలిపోతది. ఎక్స్‌టెన్షన్ పైపు ఎంత పొట్టిదైతే అంత మంచిది. చేత్తోని ఇచ్చేటప్పుడు ఒక మనిషి లోపల ఉండి ఒకటీ రెండూ అని పైకి లెక్కపెట్టుకుంట ఇయ్యాలె, కన్సోల్ కాడ ఉన్న నీకు ఆ లెక్క ఇనపడాలె, టెస్ట్ బోలస్‌కు అసలు బోలస్‌కు ఇచ్చే చెయ్యి గూడ ఒక్కటే ఉండాలె.

వచ్చే కేసు చేసినంక మూడు నంబర్లు రాసి ఇక్కడనే పెట్టు. టెస్ట్ బోలస్ పీక్ ఎప్పుడొచ్చింది, నువ్వు ఎప్పుడు నొక్కినవు, పిక్కల స్టేషన్ల నడుమ లైన్లు ఎప్పుడు పడ్డయి. మెడ ప్రోటోకాల్ లీనియరా సెంట్రిక్కా అది గూడ చూసి రాయి. నాకు నైట్ డ్యూటీ ఉన్నది ఈ వారం, పదకొండు తర్వాత ఖాళీగనే ఉంట, చూసి చెప్త.